ఎల్‌టీడీ వస్తుండగా ఎస్‌ఎస్‌డీఐకి అప్లై చేయమంటున్నారు, వచ్చిందంతా వాళ్లే కోసుకుంటే మాకేం మిగులుతుంది?

వానచినుకు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మేం అమెరికాలో ఉంటాం. మా వారికి ఎంఎస్, అదే మల్టిపుల్ స్క్లెరోసిస్. వయసు 41, డేటాబేస్ పని, గ్రీన్ కార్డు ఉంది. పోయినేడు నుంచి చూపు మసకబారుతోంది, వేళ్లు పట్టు తప్పుతున్నాయి, మధ్యాహ్నం అయ్యేసరికి కూర్చున్న చోటి నుంచి లేవలేనంత నీరసం. ఆఫీసు ద్వారా ఉన్న, జబ్బుతో పని చేయలేనప్పుడు జీతంలో కొంత ఇచ్చే ఇన్సూరెన్స్ పాలసీలో ముందు షార్ట్ టర్మ్ ఇచ్చారు, ఆ తర్వాత లాంగ్ టర్మ్ డిజెబిలిటీ (ఎల్‌టీడీ) మంజూరైంది. జీతం నెలకు 10,000 డాలర్లు ఉండేది, ఇప్పుడు అందులో 60 శాతం, అంటే 6,000 వస్తోంది. నాది పార్ట్ టైమ్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇద్దరూ స్కూల్లోనే.

ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు ఓ లెటర్ పంపారు. గవర్నమెంట్ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ డిజెబిలిటీకి (ఎస్‌ఎస్‌డీఐ) అప్లై చేసి రుజువు పంపాలట. కింద రెండు గళ్లున్నాయి, ఒకదానికి టిక్ పెట్టి సంతకం చేయాలి. మొదటిది: ఇప్పటికి మొత్తం 6,000 తీసుకుంటాం, ఎస్‌ఎస్‌డీఐ వచ్చాక ఎక్కువ తీసుకున్నదంతా తిరిగి కట్టేస్తాం అని. రెండోది: ఎస్‌ఎస్‌డీఐ ఎంత రావచ్చో వాళ్లే అంచనా వేసి ఇప్పటి నుంచే కట్ చేస్తారు. రెండూ వద్దంటే కూడా కట్ చేస్తారని సన్నక్షరాల్లో ఉంది!

నాకు నిజంగా అర్థం కావట్లేదు. ఇన్నేళ్లూ మా జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ ట్యాక్స్ కట్టింది మేము, ఆ డబ్బు వస్తే మిగిలేది ఇన్సూరెన్స్ కంపెనీకా? పైగా పిల్లల పేరు మీద వచ్చే డబ్బు కూడా లెక్కలో వేసుకుంటారట. అలాంటప్పుడు మేము ఎందుకు అప్లై చేయాలి? ఏ గడికి టిక్ పెట్టాలి? ఇంకో టెన్షన్, మా బంధువులు ఫోన్ చేసి గవర్నమెంట్ డబ్బు తీసుకుంటే సిటిజన్‌షిప్‌కి అడ్డం వస్తుంది, జాగ్రత్త అంటున్నారు. అది నిజమేనా?

పాతలెడ్జర్:

వానచినుకు గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. నేను చాలా ఏళ్లు హెచ్‌ఆర్‌లో బెనిఫిట్స్ చూశాను, ఈ లెటర్ చేతిలో పట్టుకుని వచ్చిన ప్రతి కుటుంబం అడిగింది ఇదే. ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే లెక్క కళ్లముందు ఉంటే సగం భయం పోతుంది.

ఆఫీసు ఇచ్చే గ్రూప్ పాలసీలు దాదాపు అన్నీ ‘మొత్తం మీద జీతంలో 60 శాతం’ అనే హామీ మీదే ఉంటాయి. ఆ 60లో ఎస్‌ఎస్‌డీఐ ఎంత ఇస్తే అంత పోను మిగతాది మేమిస్తాం అన్నది వాళ్ల ఒప్పందం. మీ వారికి ఎస్‌ఎస్‌డీఐ 3,000 వచ్చిందనుకుందాం. పిల్లలకు విడిగా వస్తుంది కానీ కుటుంబం మొత్తానికి పరిమితి ఉంటుంది, డిజెబిలిటీలో అది మామూలుగా ఆయన మొత్తానికి ఒకటిన్నర రెట్లు దాటదు. అంటే ఇంటికి 4,500, అందులో పిల్లలిద్దరిదీ కలిపి 1,500. పాలసీలో పిల్లల డబ్బు కూడా తీసేస్తామని ఉంటే ఇన్సూరెన్స్ ఇచ్చేది 1,500కి దిగుతుంది. ఇంటికి వచ్చేది అప్పుడూ 6,000, ఇప్పుడూ 6,000.

మరి ఎందుకు అప్లై చేయాలి అంటే, చేయకపోయినా వాళ్లు అంచనా వేసి కోత పెడతారు కాబట్టి. మీకు రాని డబ్బుకి కూడా కోత పడుతుంది, అంతకంటే అన్యాయం ఏముంటుంది? కానీ ఇదొక్కటే కారణం కాదు, మీ వైపు నుంచి కూడా గట్టి కారణాలున్నాయి. ఎల్‌టీడీ మొదటి 24 నెలలు సాధారణంగా ‘సొంత వృత్తి చేయలేకపోతే’ అనే కొలత మీద నడుస్తుంది, ఆ తర్వాత ‘ఏ ఉద్యోగమూ చేయలేకపోతే’ అని మారుతుంది, చాలామందికి డబ్బు ఆగేది సరిగ్గా ఆ మలుపులోనే. అప్పటికి ఎస్‌ఎస్‌డీఐ చేతిలో ఉంటే ఇల్లు ఒక్కసారిగా సున్నా మీద పడదు. ఎస్‌ఎస్‌డీఐ అర్హత మొదలైన 24 నెలలకు మెడికేర్, అంటే గవర్నమెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ వస్తుంది, ఎంఎస్ మందుల ధరలు నేను మీకు చెప్పక్కర్లేదు. ఈలోపు ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ పోయి కోబ్రాలోకి (అదే ప్లాన్‌ని సొంత డబ్బుతో కొనసాగించుకోవడం) వెళ్తే అది 18 నెలలే, అదే కోబ్రా మొదలైన 60 రోజుల లోపు నుంచే డిజెబిలిటీ ఉందని సోషల్ సెక్యూరిటీ తేల్చి, ఆ సంగతి గడువులోపు ప్లాన్ వాళ్లకు తెలియజేస్తే 29 నెలల దాకా పొడిగిస్తారు. ప్రీమియం పెరగొచ్చు, కానీ మెడికేర్ వచ్చేదాకా మధ్యలో ఖాళీ ఉండదు. ఇంకోటి, డిజెబిలిటీలో ఉన్న ఏళ్లను ఆయన రిటైర్మెంట్ లెక్కలోంచి తీసేస్తారు, సంపాదన లేని ఏళ్లు సగటుని కిందికి లాగవు. 41 ఏళ్ల మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఆలస్యం మాత్రం చేయొద్దు. ఆయన వయసుకి గత 10 ఏళ్లలో 20 క్రెడిట్లు (సోషల్ సెక్యూరిటీ ట్యాక్స్ కట్టి పనిచేసినందుకు జమయ్యేవి) కావాలి, ఏడాదికి గరిష్ఠంగా 4 వస్తాయి. హెచ్1బీలో పనిచేసిన ఏళ్లు లెక్కలోకి వస్తాయి, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఓపీటీలో (చదువయ్యాక చేసే ఉద్యోగం) సోషల్ సెక్యూరిటీ ట్యాక్స్ కట్టని కాలం రాదు. పని మానేశాక దాదాపు ఐదేళ్లకు ఈ అర్హత జారిపోతుంది. వెనకటి డబ్బు కూడా అప్లై చేసిన తేదీకి ముందు 12 నెలల వరకే ఇస్తారు.

సిటిజన్‌షిప్ గురించి మీ బంధువులు రెండు వేర్వేరు పథకాలు కలిపేస్తున్నారు. ఎస్‌ఎస్‌డీఐ మీ వారు ట్యాక్స్ కట్టి సంపాదించుకున్న ఇన్సూరెన్స్. ఎస్‌ఎస్‌ఐ వేరు, అది ఆదాయం, ఆస్తి లేనివాళ్లకి. గ్రీన్ కార్డు దరఖాస్తులో పబ్లిక్ చార్జ్ అనే పరీక్ష (గవర్నమెంట్ సాయం మీదే ఆధారపడతారా అని చూడడం) ఉంటుంది, 2022 నిబంధనల్లో ఎస్‌ఎస్‌ఐని చూస్తారు, ఎస్‌ఎస్‌డీఐని కాదు. మీకు గ్రీన్ కార్డు వచ్చేసింది, సిటిజన్‌షిప్ దరఖాస్తులో అసలు ఆ పరీక్షే లేదు. ఫోన్లకి ఇదే చెప్పండి.

రెండోషిఫ్ట్:

పాతలెడ్జర్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను గడుల సంగతి, వెనకటి డబ్బు సంగతి చెప్తాను, మా తమ్ముడి కేసులో దగ్గరుండి చూసింది.

వాడు మొదటి గడికే టిక్ పెట్టాడు, నేనైతే మీకూ అదే చెప్తాను. ఎస్‌ఎస్‌డీఐ మొదటిసారి చాలామందికి కాదంటారు, తర్వాత రీకన్సిడరేషన్, అంటే ఫైలు మళ్లీ చూడడం, ఆ తర్వాత జడ్జి ముందు హియరింగ్, ఇదంతా ఏడాది దాటిపోవచ్చు. అంతకాలం రాని డబ్బుకి కోత పెట్టించుకుని ఇల్లు నడపడం కష్టం. అయితే ఒక్క షరతు, ఎస్‌ఎస్‌డీఐ మంజూరై ఒకేసారి పెద్ద మొత్తం అకౌంట్లో పడినరోజు అది మీ డబ్బు అనుకోకండి. మీ లెక్కే తీసుకుంటే నెలకు 4,500 చొప్పున 12 నెలలకి 54,000. అందులో అధిక భాగం ఇన్సూరెన్స్ వాళ్లు వెనక్కి అడుగుతారు. వేరే అకౌంట్లో పెట్టి ముట్టుకోవద్దు. మీరు కట్టకపోతే నెలనెలా ఇచ్చే ఎల్‌టీడీని ఆపేసి దాంట్లోంచి రాబట్టుకుంటారు.

కానీ వాళ్లు అడిగినంతా కళ్లు మూసుకుని కట్టొద్దు కూడా! మా తమ్ముడికి వచ్చిన లెటర్లో ఒకే ఒక్క అంకె ఉంది, ఎలా వచ్చిందో వివరం లేదు. వాడి లాయర్ ఫీజుని సోషల్ సెక్యూరిటీ వాళ్లే వెనకటి డబ్బులోంచి పట్టుకున్నారు, అంటే ఆ డబ్బు వాడి చేతికి రానేలేదు, ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం అదీ వచ్చినట్టే లెక్కేశారు. అవార్డు లెటర్లో, అంటే ఎస్‌ఎస్‌డీఐ మంజూరైందని వచ్చే లెటర్లో, ఫీజు పట్టుకున్నట్టు రాసిన పేజీ, పాలసీలో లాయర్ ఫీజు మినహాయిస్తామని ఉన్న పేరా, రెండూ పక్కపక్కన పెట్టి పంపితే అప్పుడు సరిచేశారు. ఈ ఫీజు వెనకటి డబ్బులో 25 శాతం, దానికి గరిష్ఠ పరిమితిని 2024 నవంబర్ చివర్లో 9,200 డాలర్లు చేశారు. మీ 54,000లో 25 శాతం అంటే 13,500, ఆ పరిమితి లెక్కన 9,200 దగ్గర ఆగుతుంది. పాలసీ ఒప్పుకుంటే మీరు తిరిగి కట్టాల్సింది 44,800. చూశారా తేడా.

ఇంకో సంగతి, ఆఫ్‌సెట్, అంటే ఈ కోత, మొదలయ్యే నెల సరిచూసుకోండి. ఎస్‌ఎస్‌డీఐకి ఐదు పూర్తి నెలలు వెయిటింగ్ ఉంటుంది, ఎల్‌టీడీకి 90 లేదా 180 రోజులు. రెండూ ఒకేసారి నడిచిన నెలలకే కోత ఉండాలి. ఏటా జనవరిలో ఎస్‌ఎస్‌డీఐ కాస్త పెరుగుతుంది, ఆ పెరుగుదలని కోతలో కలపకూడదని చాలా పాలసీల్లో ఉంటుంది, అయినా కొందరు కొత్త అంకె పెట్టి కట్ చేస్తారు, అదీ చూడండి.

ట్యాక్స్ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. ప్రీమియం ఆఫీసు కట్టి ఉంటే మీ 6,000 మొత్తం మీద ట్యాక్స్ పడుతుంది, మీ జీతంలోంచి ట్యాక్స్ కట్టాక మిగిలిన డబ్బుతో కట్టి ఉంటే పడదు. ఎస్‌ఎస్‌డీఐ అయితే ఎంత ఆదాయం ఉన్నా 85 శాతం వరకే ట్యాక్స్ లెక్కలోకి వస్తుంది. పిల్లల వాటా పిల్లల ఆదాయం కిందికి వస్తుంది, వాళ్లకి వేరే ఆదాయం లేకపోతే మామూలుగా ట్యాక్సే ఉండదు. అంటే ఆరువేలు ఆరువేలే అయినా చేతికి మిగిలేది కాస్త పెరగొచ్చు. పెద్ద మొత్తం ఒకేసారి వచ్చిన ఏడాది, పాత ఏళ్లకు చెందిన భాగాన్ని ఆయా ఏళ్ల ఆదాయంతో లెక్కేసుకునే పద్ధతి ఉంది, పాత రిటర్నులు మళ్లీ వేయక్కర్లేదు. మీరు నిరుడు ట్యాక్స్ కట్టేసిన ఎల్‌టీడీని ఈ ఏడాది తిరిగి ఇచ్చేస్తే, అది 3,000 డాలర్లు దాటితే ఆ ట్యాక్స్ రాబట్టుకోవడానికి సెక్షన్ 1341 అని ఉంది. ట్యాక్స్ చూసే మంచి సీపీఏకి ఈ నంబర్ చెప్పండి, చాలామందికి చెబితేనే గుర్తొస్తుంది.

నాలుగోమెట్టు:

నాదొక వేరే అభిప్రాయం. ఇన్సూరెన్స్ కంపెనీయే ఫ్రీగా ఎస్‌ఎస్‌డీఐ దరఖాస్తు చేసిపెట్టే ఏజెన్సీని ఇస్తుంది కదా, లాయర్ ఎందుకు? వాళ్లనే పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది, మీకు శ్రమ తగ్గుతుంది. మా కజిన్‌కి అలాగే సాఫీగా అయిపోయింది.

పాతలెడ్జర్:

నాలుగోమెట్టు గారూ, సాఫీగా అయినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆ ఏజెన్సీని పెట్టింది ఎవరు, దానికి పని ఇచ్చేది ఎవరు అని చూడాలి. ఎస్‌ఎస్‌డీఐ మంజూరైతే డబ్బు మిగిలేది ఇన్సూరెన్స్‌కి, అక్కడి వరకు మీ ఇద్దరి ప్రయోజనం ఒకటే. పిల్లలకు అప్లై చేయడం, ఫీజు మినహాయింపు అడగడం, రెండేళ్ల తర్వాత ఎల్‌టీడీ ఆపినప్పుడు నిలబడడం, ఇక్కడ దారులు వేరైపోతాయి. ఏజెన్సీకి ఇచ్చే సంతకాల్లో మెడికల్ ఫైలు ఎవరెవరికి వెళ్తుందో చదివితే గానీ సంతకం పెట్టొద్దు.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటి ఉంది, 2008లో మెట్‌లైఫ్ వర్సెస్ గ్లెన్. గ్లెన్ అనే ఆవిడకి గుండె జబ్బు, మెట్‌లైఫ్ ఆమె ఇన్సూరెన్స్ కంపెనీ. ఎస్‌ఎస్‌డీఐకి అప్లై చేయమని ప్రోత్సహించారు, ఆమె ఏ పనీ చేయలేదని సోషల్ సెక్యూరిటీ ఒప్పుకుంది, ఆ డబ్బులో ఎక్కువ భాగం ఇన్సూరెన్స్‌కే వెళ్లింది, ఆ తర్వాత అదే ఇన్సూరెన్స్ ఆమె పని చేయగలదని ఎల్‌టీడీ ఆపేసింది. క్లెయిమ్ తేల్చేదీ డబ్బు ఇచ్చేదీ ఒకరే అయినప్పుడు అది ప్రయోజనాల ఘర్షణ అని, కోర్టులు దాన్ని లెక్కలోకి తీసుకోవాలని తీర్పు వచ్చింది. అందుకే మీ ఎస్‌ఎస్‌డీఐ అవార్డు లెటర్ కాపీ ఎప్పుడూ ఎల్‌టీడీ ఫైల్లో ఉండాలి. ఆఫీసు పాలసీలు ఎక్కువగా ఎరిసా, అంటే ఆఫీసు బెనిఫిట్ ప్లాన్లకి ఉన్న ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి, ఎల్‌టీడీ ఆపితే అప్పీలుకి 180 రోజులు. ఆ అప్పీల్లో పెట్టని కాగితాన్ని తర్వాత కోర్టు మామూలుగా చూడదు. సోషల్ సెక్యూరిటీ అప్పీలుకి 60 రోజులే, రెండు గడువులూ కలిపేసుకోకండి.

వానచినుకు:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. లెక్క చూశాక నిన్న రాత్రి కాస్త నిద్ర పట్టింది. ఇంకో రెండు అడగాలి. ఒకటి, మా ఆడపడుచు ఎస్‌ఎస్‌ఐకి కూడా వేయండి, రెండూ వస్తాయి అంటోంది. రెండోది, అప్లై చేశాక సోషల్ సెక్యూరిటీ వాళ్లు ఫంక్షన్ రిపోర్ట్ అనే ఫారం పంపుతారట, ముందే రాసి చూసుకుందామని కూర్చున్నాం, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేస్తారో రాయాలి. మా వారేమో అన్నీ చేయగలను అనే రాస్తున్నారు. వంట చేస్తారా అంటే అవును, బట్టలు తనే వేసుకుంటారా అంటే అవును. చేయలేను అని రాయడం ఆయనకి చిన్నతనంగా ఉంది. నేను ఏమన్నా అంటే ముఖం తిప్పుకుంటున్నారు.

కుడిఎడమ:

అమ్మా, నేను ఆక్యుపేషనల్ థెరపీలో, అంటే జబ్బుపడ్డవాళ్లు రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే పనిలో ఉన్నాను, ఈ ఫారం ఎందరి ఇళ్లలో గొడవ పెట్టిందో చూశాను. మీ వారి మీద కోప్పడకండి. మగవాళ్లు, అందులోనూ సంపాదించి ఇల్లు నడిపినవాళ్లు, ఈ కాగితం ముందు కూర్చోవడం చాలా కష్టం.

ఎస్‌ఎస్‌ఐ మాట వదిలేయండి. దంపతులకి ఆస్తి పరిమితి 3,000 డాలర్లు, ఒక్కరికైతే 2,000, పైగా ఎల్‌టీడీ డబ్బులో 20 డాలర్లు వదిలేసి మిగతాదంతా ఆదాయం కింద కొట్టేస్తారు. నెలకు 6,000 వస్తున్న ఇంటికి అది రాదు. ఎస్‌ఎస్‌డీఐకి ఆస్తితో పని లేదు, మీ పార్ట్ టైమ్ జీతంతోనూ పని లేదు, ప్రైవేట్ ఎల్‌టీడీ ఎంత వచ్చినా సోషల్ సెక్యూరిటీ వాళ్లు తగ్గించరు. తగ్గించేది వర్కర్స్ కాంప్ (పనిలో గాయపడితే వచ్చే పరిహారం) లాంటివి ఉంటేనే.

ఇక ఆ రిపోర్ట్. అవును, కాదు అన్న మాటలతో వదిలేయకండి. చొక్కా గుండీలు ఆయన పెట్టుకుంటారు, సరే. ఎన్ని పెట్టుకున్నాక ఆగుతారు? పై గుండీ దగ్గర వేలికి స్పర్శ తెలియక అద్దంలో చూస్తూ పెట్టుకుంటారా, విసుగొచ్చి చివరికి టీషర్ట్ వేసుకుంటారా? వంట అంటే పొయ్యి దగ్గర నిలబడి చేస్తారా, కుర్చీ లాక్కుని కూర్చుంటారా, వేడికి ఒంట్లో సత్తువ పోయి మధ్యలో స్టవ్ ఆపి వెళ్లి పడుకుంటారా? ఎంఎస్‌లో వేడి తగిలితే లక్షణాలు ఎక్కువవడం డాక్టర్లందరికీ తెలిసిన విషయమే, అది రాయాలి. పొద్దున చేసిన పనికి మధ్యాహ్నం ఎంతసేపు పడుకోవాల్సి వచ్చింది, మర్నాడు ఎలా ఉన్నారు, ఇదీ రాయాలి. అబద్ధం ఒక్క ముక్క వద్దు, మంచి రోజు ఎలా ఉంటుందో చెడ్డ రోజు ఎలా ఉంటుందో రెండూ రాయండి, వారంలో ఏవి ఎక్కువో రాయండి. ఆయనతో రాయించేటప్పుడు ‘చేయగలరా’ అని అడగొద్దు, ‘నిన్న ఎలా చేశారు’ అని అడగండి. అప్పుడు సమాధానం వేరేగా వస్తుంది.

న్యూరాలజిస్టుని కూడా ‘ఎంఎస్ ఉంది, పని చేయలేరు’ అని ఒక్క వాక్యం రాయించి ఊరుకోవద్దు. సోషల్ సెక్యూరిటీ జబ్బుల జాబితాలో ఎంఎస్ 11.09 కింద ఉంటుంది, అందులో ఏమేం చూస్తారో డాక్టర్ దగ్గరికి ప్రింట్ తీసుకెళ్లండి. ఎంతసేపు కూర్చోగలరు, నిలబడగలరు, స్క్రీన్ చూడగలరు, నెలలో ఎన్ని రోజులు పని మానాల్సి వస్తుంది, ఇవి అంకెల్లో రాయమని అడగండి. ఒక జాగ్రత్త, ఇన్సూరెన్స్‌కి పంపే ఫారాల్లోనూ ఇవే మాటలు ఉండాలి. రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే రెండూ దెబ్బతింటాయి.

రెండోషిఫ్ట్:

కుడిఎడమ గారి మాట ప్రింట్ తీసి పెట్టుకోవాల్సింది. నాది ఒక్కటే అదనం, పిల్లల వెనకటి డబ్బు ఆయనదానితో కలిసి రాదు, విడిగా, కొన్నిసార్లు వారాల తర్వాత వస్తుంది, మీరు రిప్రజెంటేటివ్ పేయీగా, అంటే పిల్లల తరఫున ఆ డబ్బు అందుకునే మనిషిగా ఉండాలి. ఆ డబ్బు పిల్లల అవసరాలకే వాడాలి, ఖర్చుల లెక్క రాసి పెట్టుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లు మొదటి లెటర్లోనే దాన్ని కూడా అడిగితే, ఇంకా రాలేదని రాతపూర్వకంగా చెప్పండి.

వానచినుకు:

పిల్లల డబ్బు గురించి ఇంకా మనసు ఒప్పుకోవట్లేదు. అది వాళ్ల పేరు మీద వచ్చేది కదా, దాన్ని ఎలా కోస్తారు?

పాతలెడ్జర్:

ఒప్పుకోకపోవడమే మంచిది, ఎందుకంటే అన్ని పాలసీలూ కోయవు. కొన్నింట్లో ఉద్యోగికి వచ్చేదే తీసేస్తారు, కొన్నింట్లో కుటుంబానికి వచ్చేదంతా. మీ చేతిలో ఉన్న నాలుగు పేజీల బ్రోషర్‌లో ఇది ఉండదు. ప్లాన్ అడ్మినిస్ట్రేటర్‌కి, అంటే ఎక్కువగా మీ వారి ఆఫీసుకే, పూర్తి ప్లాన్ డాక్యుమెంటూ పాలసీ కాపీ కావాలని రాతలో అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే కోర్టు రోజుకి 110 డాలర్ల వరకు జరిమానా వేయొచ్చు. అందులో ‘ఇతర ఆదాయాలు’ లేదా ‘మినహాయించదగిన ఆదాయం’ అన్న భాగం తీసి, భార్యాపిల్లల మాట ఉందో లేదో చూడండి. లాయర్ ఫీజు, ఏటా పెరుగుదల, కనీసం ఇవ్వాల్సిన మొత్తం, ఈ మూడూ అక్కడక్కడే ఉంటాయి. కనీస మొత్తం మామూలుగా నెలకు 100 డాలర్లో, 10 శాతమో ఉంటుంది.

ఆ పేజీలు వచ్చాక పేర్లు, నంబర్లు కొట్టేసి ఆ పేరాలు ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం. ఈలోపు ఎస్‌ఎస్‌డీఐ దరఖాస్తు ఆన్‌లైన్లో ఈ వారమే మొదలుపెట్టి, వచ్చిన రసీదు కాపీ ఇన్సూరెన్స్‌కి పంపేయండి, మొదటి గడికి టిక్ పెట్టి.